పాష్‌కు ఫుల్ ఫామ్ లేదు మాస్టారూ

క్విజ్‌లు పెట్టే మాస్టార్లకు, జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు కూర్చేవారికి, స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెప్పేవారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మాది విశాఖపట్నం. మర్చంట్ నేవీలో పాతికేళ్లు రేడియో ఆఫీసర్‌గా చేశాను. ఓడలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. సరంగు దగ్గర్నుంచి వంటవాడి దాకా అందరికీ నేను ‘మార్కోనీ సాబ్’నే. ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఓడల గురించి మాట్లాడే హక్కు కాస్త నాకూ ఉందని చెప్పుకోవడానికి.

తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు పోయిన నెలలో ఒక ఇంటర్ స్కూల్ క్విజ్ ఫైనల్ దాకా వెళ్లింది. చివరి రౌండులో ప్రశ్న వచ్చింది: “పాష్ అనే ఇంగ్లిష్ మాట ఎలా పుట్టింది?” ముందు బజర్ నొక్కింది మా పిల్లే. “ఎలా పుట్టిందో ఇప్పటికీ తేలలేదు సార్. ఓడల కథ ఒకటి చెబుతారు గానీ దానికి ఆధారం దొరకలేదు” అంది. క్విజ్ మాస్టర్ చేతిలో కార్డు చూసుకుని “సారీ, రాంగ్ ఆన్సర్” అని పక్క టీముకి పాస్ చేశారు. వాళ్లు ముగ్గురూ ఒకే గొంతుతో “పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్” అన్నారు. చప్పట్లు. వాళ్లకి పది మార్కులు, మాకు అయిదు కోత. కప్పు అటు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి బ్యాగు సోఫాలోకి విసిరి “అంతా నీ వల్లే తాతయ్యా” అంది. ఆ జవాబు దానికి నేర్పింది నేనే మరి. మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ “మొత్తానికి ఓడ వల్లే ఓడారన్నమాట” అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాలుగు రోజులు ఆ పిల్ల నాతో సరిగ్గా మాట్లాడలేదు. అయిదో రోజు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆ క్విజ్ మాస్టర్‌ని నేను తప్పుపట్టను. ఆయన కార్డులో ఉన్నది చదివారు. ఆ కార్డు రాసినవాళ్లు ఏదో జీకే పుస్తకంలోంచి తీసుకుని ఉంటారు. ఆ పుస్తకం రాసినవాళ్లు ఇంకో పుస్తకంలోంచి. నా గొడవ ఆ వరసంతటితో.

కథ మీకు తెలిసిందే అయినా చెబుతాను, ఎందుకంటే కథ బాగుంటుంది. తెల్లదొరలు ఇంగ్లండ్ నుంచి బొంబాయికి పి అండ్ ఓ కంపెనీ స్టీమర్లలో వచ్చేవారు. సూయజ్ కాలువ దాటి ఎర్రసముద్రంలోకి వచ్చేసరికి ఎండ మంట. ఏసీలు లేని కాలం. వచ్చేటప్పుడు ఓడకి ఎడమ పక్క, అంటే పోర్ట్ సైడు క్యాబిన్లు కాస్త చల్లగా ఉండేవి. తిరిగి వెళ్లేటప్పుడు కుడి పక్క, అంటే స్టార్‌బోర్డ్. డబ్బున్నవాళ్లు ఎక్కువ కట్టి రాను పోను చల్లటి పక్కే తీసుకునేవారు. వాళ్ల టికెట్ల మీద ఊదారంగు సిరాతో పి, ఓ, ఎస్, హెచ్ అని ముద్ర వేసేవారు. ఆ ముద్ర ఉన్నవాళ్లు పాష్ జనం. అక్కణ్నుంచి పాకి పాకి ఇవాళ మన లాసన్స్ బే కాలనీ పాష్ ఏరియా, జూబ్లీహిల్స్ పాష్ ఏరియా.

ఊదారంగు సిరా చూడండి. పుకారుకి రంగు కూడా వేసి పంపారు.

మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మాను. ఓడలవాణ్ని కాబట్టి మీకంటే తొందరగా నమ్మాను. 1980ల్లో ఒక ఆగస్టులో మా ఓడ ఏసీ ఎర్రసముద్రం మధ్యలో మొరాయించింది. సూయజ్ నుంచి ఏడెన్ వైపు వస్తున్నాం. నా క్యాబిన్ కుడి పక్క. మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దు వాలేదాకా సూర్యుడు ఆ ఇనప గోడ మీదే కూర్చున్నాడు. రాత్రి పదింటికి పడుకుని గోడకి చెయ్యి ఆనిస్తే, పొయ్యి మీంచి దించి అరగంటైన దోసె పెనంలా ఇంకా వేడిగానే తగిలింది. నడవాకి అవతల, ఎడమ పక్కన సెకండ్ ఇంజనీర్ క్యాబిన్. దిండు చంకన పెట్టుకుని వెళ్లి ఆయన గదిలో నేల మీద పడుకున్నాను. రెండు క్యాబిన్ల మధ్య నాలుగడుగుల నడవా, అంతే. కానీ అక్కడ నిద్ర పట్టింది.

కాబట్టి ఎండ లెక్క తప్పని నేను అనను. మ్యాపు ముందేసుకుని చూడండి. ఎర్రసముద్రం నిలువుగా, కాస్త ఏటవాలుగా ఉంటుంది. సూయజ్ నుంచి దిగే ఓడకి ఎడమ పక్క తూర్పు, కుడి పక్క పడమర. పొద్దుటి ఎండ ఎడమ క్యాబిన్లకి, సాయంత్రపు ఎండ కుడి క్యాబిన్లకి. పొద్దున తగిలిన వేడి రాత్రికి చల్లారుతుంది. సాయంత్రం తగిలింది మనతోపాటే పడుకుంటుంది. తిరుగు ప్రయాణంలో పక్కలు మారిపోతాయి. ఏడెన్ దాటి బొంబాయి వైపు తిరిగాక ఎడమ పక్క ఉత్తరం అవుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి అప్పుడూ ఎడమ పక్కే నీడ. జూన్‌లో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. బొంబాయి దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానే ఉంటాడు, పైగా నైరుతి గాలి కుడి పక్క నుంచి వీస్తుంది. ఆ నెలలో ఎక్కువ డబ్బు పోసి ఎడమ పక్క తీసుకున్న దొర బేకరీలో బన్నులా వేగేవాడు.

సరే, ఏడాదిలో సగమైనా లెక్క కుదిరింది. అదే చిక్కు. కుదిరింది కాబట్టి జరిగింది అనేసుకున్నాం. పక్కింటాయన దగ్గర గొడ్డలి ఉంది, మా వేపకొమ్మ విరిగింది. ఈ రెండూ నిజమే. అంతమాత్రాన పోలీసు స్టేషన్‌కి వెళతామా? మొన్న రాత్రి గాలి గట్టిగా వీచిందేమో కూడా చూస్తాం కదా.

ఈ కథ నిజమని తేలడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, ఒక్క టికెట్ చాలు. ఆ కంపెనీ ఏదో నాలుగు రోజులు నడిచి మూతబడిన కంపెనీ కూడా కాదు. 1837లో స్పెయిన్, పోర్చుగల్ వైపు టపా మోసే కాంట్రాక్టుతో మొదలైంది, 1840లో రాయల్ చార్టర్ (రాచ అనుమతి పత్రం) పొందింది, 1842లో ఇండియాకి ఓడలు నడపడం మొదలుపెట్టింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక కూడా ఆ దారిలో అది పెద్ద కంపెనీల్లో ఒకటి. ఆ ఓడలెక్కిన కలెక్టర్లు, కల్నల్స్, వాళ్ల భార్యలు డైరీలు రాశారు, ఇంటికి ఉత్తరాలు రాశారు, పాత టికెట్లు, పెట్టెల మీది లేబుళ్లు, భోజనాల మెనూ కార్డులు తరతరాలుగా దాచుకున్నారు. ఇన్నింటిలో ఆ నాలుగక్షరాల ముద్ర ఉన్న టికెట్ ఇంతవరకూ ఒక్కటి బయటపడలేదు. మా రికార్డుల్లో అలాంటిదేమీ లేదని కంపెనీవాళ్లే చెప్పారు.

ఇప్పుడు మాట సంగతి చూద్దాం. సొగసైన, దర్జా అయిన అనే అర్థంలో ‘పాష్’ అచ్చులో కనబడింది 1914లో, బ్రిటిష్ సైన్యం గురించిన ఒక పుస్తకంలో. గుర్రపు దళం సిపాయిలకి బట్టల మీద మోజు ఎక్కువ అని చెబుతూ ఆ మాట వాడారు. అంటే దొరికింది గుర్రాల దగ్గర, ఓడల దగ్గర కాదు. 1918లో లండన్ హాస్య పత్రిక ‘పంచ్’లో ఒక కార్టూన్ వచ్చింది. వైమానిక దళంలో పనిచేసే కుర్రాడు తల్లితో అక్కడ మాకు పాష్‌గా గడిచిందంటాడు. ఆవిడకి అర్థం కాదు, అదేం మాట నాయనా అని అడుగుతుంది. ఇదో స్లాంగ్ మాట అంటూ ఆ కుర్రాడు ఇంకో స్లాంగ్ మాటతో అర్థం చెబుతాడు. జోకు అదే.

నాకు ఆ కార్టూన్ చాలు. ఓడల కథే నిజమైతే, 1918 నాటికి దాదాపు యాభై ఏళ్లుగా టికెట్ల మీద ఆ ముద్ర ఊదారంగులో మెరుస్తూ ఉండాలి. ఆ తల్లిది సరిగ్గా ఆ ఓడల్లో ఫస్ట్ క్లాసులో తిరిగే తరగతి. ఆవిడకి కొత్తగా వినబడి, కుర్ర సైనికుడికి మాత్రం తెలిసిన మాట అది. మరి పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్ అనే వివరణ మొదట కనబడేది ఎప్పుడు? 1935లో, లండన్‌లోని ఒక సాహిత్య వారపత్రికకి ఒకరు రాసిన ఉత్తరంలో. అందులో కూడా అది అమెరికా ఓడలవాళ్ల మాట అని ఉంది! మాట అచ్చయిన 21 ఏళ్లకి దాని ‘పుట్టుక’ పుట్టిందన్నమాట. బిడ్డకి మీసాలొచ్చాక బారసాల.

ఇంకో సంగతి. మొదటి అక్షరాలు కలిపి మాట చేసే అలవాటు ఇంగ్లిష్‌లో పాతది కాదు. రాడార్ లాంటి మాటలు రెండో ప్రపంచ యుద్ధం నాటివి. అలాంటి మాటల్ని ఆక్రోనిమ్ అనడం కూడా 1940 ప్రాంతంలోనే మొదలైంది. అందుకే అంతకన్నా పాత మాట ఏదైనా చూపించి ‘దీని ఫుల్ ఫామ్ ఏంటో తెలుసా’ అని ఎవరన్నా అడిగితే నాకు వెంటనే అనుమానం వస్తుంది. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని మాకు హైస్కూల్లో చెప్పారు. న్యూ అన్న మాట దాని లోపలే కూర్చుని ఉంది, ఎవరికీ కనబడలేదు. ఇంగ్లిష్ బూతు మాట ఒకదానికి కూడా వాట్సాప్‌లో ఓడ కథ తిరుగుతోంది. పేడ ఎరువు మోసే ఓడలట, తడిస్తే గ్యాసు పుట్టి పేలిపోయేవట, అందుకని మూటల మీద ‘పై అరలో పెట్టండి’ అని అక్షరాలు కొట్టేవారట. అక్కడా ముద్రే. ఈ ముద్రలు కొట్టేవాళ్లకి పని తగ్గేటట్టు లేదు.

నా సొంత రంగంలోని మాట ఒకటి మిగిలింది. ఎస్ఓఎస్. ఆపదలో పడ్డ ఓడ పంపే సంకేతం. అంటే ‘సేవ్ అవర్ సోల్స్’ అని మీ పుస్తకాలన్నింటిలో ఉంటుంది. నేను పరీక్ష పాసై, ఆ సంకేతం కోసం చెవులప్పగించి బతికినవాణ్ని, చెబుతున్నాను వినండి. 1906లో బెర్లిన్‌లో జరిగిన సమావేశంలో దేశాలన్నీ దీన్ని ఒప్పుకున్నాయి, 1908 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు, మధ్యలో ఎడం లేకుండా ఒకే ఊపున. డిడిడిట్ డాడాడా డిడిడిట్. ఎంత గరగరలో అయినా, ఎంత నిద్రమత్తులో అయినా పోల్చుకోవచ్చు. ఎంచుకున్నది అందుకే. అది అక్షరాల కూర్పుగా మొదలవ్వలేదు, ఒక చప్పుడుగా మొదలైంది. ఆత్మలని రక్షించమనడం ఆ తర్వాత జనం అతికించినది.

మీకు నిజమైన ఓడ సంగతే కావాలంటే ఇది అడగండి: రేడియో రూములో గోడ గడియారం మీద ఎర్రటి ముక్కలు రెండు ఎందుకుండేవి? గంటలో పదిహేనో నిమిషం నుంచి పద్దెనిమిది దాకా ఒకటి, నలభై అయిదు నుంచి నలభై ఎనిమిది దాకా ఒకటి. ముల్లు ఎరుపులోకి రాగానే, చుక్కలూ గీతలూ పంపే మోర్స్ కీ మీంచి చెయ్యి తీసేసేవాళ్లం. ఆ మూడేసి నిమిషాలు 500 కిలోహెర్ట్జ్ మీద ఏ ఓడా నోరు మెదపకూడదు. ఎక్కడో ఎవరి బ్యాటరీయో చచ్చి, గొంతు పీలగా పిలుస్తుంటే వినబడాలని. ఆ నిశ్శబ్దంలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే మీసాల్లోంచి నా ఊపిరే నాకు వినబడేది. 1999 ఫిబ్రవరి 1 నుంచి శాటిలైట్ పద్ధతి పూర్తిగా వచ్చేసింది, మా ఉద్యోగాలూ పోయాయి, గడియారాలూ పోయాయి. ఒక్క క్విజ్‌లో కూడా ఈ ప్రశ్న నేను వినలేదు.

ఓడల నుంచి మాటలు రాలేదని నేననడం లేదు సుమండీ. బోలెడు వచ్చాయి. ఇంగ్లిష్‌వాళ్లు నివ్వెరపోతే ‘టేకెన్ అబ్యాక్’ అంటారు. అది అచ్చంగా ఓడ మాటే. గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగి తెరచాపల్ని వెనక్కి, స్తంభానికేసి నొక్కేస్తే ఓడ నిలబడిపోతుంది, అదీ దాని అర్థం. స్టార్‌బోర్డ్‌కి ఆకాశంలోని చుక్కలతో సంబంధం లేదు, పూర్వం ఓడని నడిపే తెడ్డు కుడి పక్కన ఉండేది, ఆ నడిపే పక్క అని దాని అర్థం. ఎడమ పక్కని మొదట లార్‌బోర్డ్ అనేవారు. తుఫాన్లో అరిస్తే రెండూ ఒకలాగే వినబడుతున్నాయని 1844లో బ్రిటిష్ నౌకాదళం పోర్ట్ అనమని ఉత్తర్వు ఇచ్చింది. ఇలా నిజాలే ఇంత రుచిగా ఉంటే కల్పన దేనికి? ప్రతి మాటకీ ఓడ పుట్టుక అంటగట్టే సరదా ఇంగ్లిష్ లోకంలో ఎంత ముదిరిందంటే, భాషావేత్తలు దానికో ఉత్తుత్తి కమిటీ పేరు పెట్టారు. ఆ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే ‘కెనూ’ వస్తుంది, అంటే చిన్న పడవ.

మనకీ నీళ్ల మాటలు తక్కువేం లేవు. పరీక్ష గట్టెక్కాం అంటాం, నమ్మినవాడు నట్టేట ముంచాడంటాం, ఇప్పుడు పుట్టేం మునిగిపోలేదులే అంటాం. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. వీటికి ఎవరూ ఫుల్ ఫామ్ అడగరు. గట్టు మనకి తెలుసు, ఏరు మనకి తెలుసు. తెలియని చోటే కథ దూరుతుంది.

పాష్ కథ మన దేశంలో ఇంత గట్టిగా అతుక్కుపోవడానికి కారణం నాకొకటి తోస్తుంది. అందులో మన పేరుంది. బొంబాయి ఉంది, మన ఎండ ఉంది. ఇంగ్లిష్ మాట మన దారిలో పుట్టిందంటే మనకో చిన్న గర్వం. కానీ ఆ కథలో మనవాళ్లు ఎక్కడున్నారో చూడండి. క్యాబిన్‌లో లేరు. మా ముత్తాత రంగం వెళ్లేవాడు. ఈ కాలం పిల్లలకి చెప్పాలి, రంగం అంటే రంగూన్. విశాఖ నుంచి, కాకినాడ నుంచి వేలమంది అలా స్టీమర్లెక్కారు. అక్కడ తెలుగువాళ్లందరికీ కోరంగీలనే పేరు పడింది, కోరంగి రేవు పుణ్యమా అని. వాళ్లంతా డెక్ ప్యాసింజర్లు. టికెట్ కొంటే దొరికేది ఖాళీ చెక్క నేల, పైన కాన్వాసు పందిరి. చాప పరిచినంత మేరా మనది. ఎండ అటు తిరిగితే చాప ఇటు జరుపుకునేవాళ్లని, అలా జరుపుకునే దగ్గరే తగాదాలొచ్చేవని మా తాత చెప్పేవాడు. ఆ రంగం ఓడలు నడిపిన బ్రిటిష్ ఇండియా కంపెనీ పి అండ్ ఓలో కలిసింది సరిగ్గా 1914లో, పాష్ అన్న మాట అచ్చయిన ఏడాదే. పోర్ట్, స్టార్‌బోర్డ్ పక్కలు మారడం అసలు చేసినవాళ్లు మనవాళ్లే. ముద్ర లేదు, అంతే.

మరి ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చింది అంటారా? మా మనవరాలు చెప్పిందే జవాబు, తేలలేదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా అదే మాట మీద ఉంది. ఊహ ఒకటుంది, ఊహగానే చెబుతాను. జిప్సీలని పిలిచే సంచార జనం మాట్లాడే రోమానీ భాషలో పాష్ అంటే సగం. ఇంగ్లండ్‌లోని రోమానీ జనం అర్ధపెన్నీ నాణెం గురించి ఆ మాట వాడేవారు. అది వీధి భాషలోకి జారి చిల్లర డబ్బు అయింది. 1890 నాటి ఒక స్లాంగ్ నిఘంటువులో డబ్బుతోపాటు సోకు చేసుకునేవాడు అనే అర్థం కూడా ఉంది. సోకుగాడి నుంచి సోకైన బట్టలకి ఒక్క అడుగే దూరం, కానీ ఆ అడుగు ఎవరైనా వేశారని రుజువు లేదు. రోమానీ భాష ఎక్కడిదో మీకు తెలిసే ఉంటుంది. మన దేశం నుంచి వెళ్లిందే, హిందీకి, పంజాబీకి చుట్టం. ఈ ఊహే నిజమైతే ఆ మాటలో ఇండియా ఉన్నట్టే. ఓడెక్కి వచ్చిన దొరల ఇండియా కాదు, వందల ఏళ్ల కిందట గుడారాలు మూటగట్టుకుని కాలినడకన వెళ్లిపోయినవాళ్ల ఇండియా.

నేను కోరేది పెద్దదేం కాదు. ఆ ప్రశ్న తీసేయమని కూడా అనను. ‘పాష్ గురించి ప్రచారంలో ఉన్న ఓడ కథ ఏమిటి’ అని అడగండి, పోర్ట్ అవుట్ అన్నవాళ్లకి మార్కులివ్వండి, న్యాయమే. ‘ఎలా పుట్టింది’ అని అడిగితే మాత్రం తేలలేదన్న పిల్లకి మైనస్ వేయకండి. ఫుల్ ఫామే కావాలనుకుంటే అదీ ఉంది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసే మా అమ్మాయి ఏటా ‘పోష్ ట్రైనింగ్’ అంటూ ఆన్‌లైన్‌లో కూర్చుంటుంది. పని చేసే చోట ఆడవాళ్లని లైంగికంగా వేధించకుండా 2013లో వచ్చిన చట్టం తాలూకు శిక్షణ అది. ఆ నాలుగక్షరాలకీ నిజంగానే నాలుగు మాటలున్నాయి, ప్రివెన్షన్ ఆఫ్ సెక్సువల్ హరాస్‌మెంట్ అని, ఆఫీసు గోడల మీద అంటించి కూడా ఉంటాయి. పిల్లలకి అది తెలిస్తే రేపు పనికొస్తుంది.

ఒకటి మాత్రం బహిరంగంగానే చెబుతున్నాను. ఊదారంగు సిరాతో పి, ఓ, ఎస్, హెచ్ ముద్ర ఉన్న పాత టికెట్ మీలో ఎవరైనా తెచ్చి చూపిస్తే, ఓడలో నాతో తిరిగిన ఇత్తడి మోర్స్ కీ వాళ్లకిచ్చేస్తాను. మా మనవరాలికి ఈ పందెం సంగతి చెప్పాను. అది చాలాకాలంగా ఆ కీ మీద కన్నేసి ఉంది. “ఇస్తానని రాసేశావా?” అని కంగారుపడింది. రాసేశానన్నాను. కాసేపు ఆలోచించి “సరేలే, ఎవరూ తేలేరుగా” అని కీ తీసి దాని బీరువాలో పెట్టుకుంది.

ఇట్లు,
ఒక మాజీ మార్కోనీ సాబ్,
విశాఖపట్నం